వణికిన రెండు గీతలు

సరళరేఖమ్మ అసలు పేరు ఏమిటని ఆవిడ భర్తను అడిగినా కాసేపు ఆలోచించుకుని గానీ చెప్పడు. ఆ పేరు పెట్టింది ఒక లెక్కల మేష్టారు. ముప్పై ఏళ్ల కిందట ఆయన తన గుమ్మానికి ఇత్తడి పలక చేయించుకోవడానికి వచ్చాడు. ఆవిడ ఉలితో చెక్కిన అంచుగీత మీద రూలుకర్ర పెట్టి ఒక పక్క చూశాడు, రెండో పక్క చూశాడు. నాలుగు పక్కలూ అయ్యాక రూలుకర్రనే అనుమానంగా చూసి, "సరళరేఖ అనేది పుస్తకాల్లోనే ఉంటుందనుకున్నానమ్మా" అన్నాడు. ఆ మాట వీధి వీధంతా పాకి, చివరికి ఆవిడకు పేరై కూర్చుంది.

అప్పటి నుంచి ఊళ్లో ఎవరు డాక్టరైనా, ఎవరు వకీలైనా, ఎవరు పరుగుపందెంలో గెలిచినా, ఎవరు పైకి పోయినా వాళ్ల పేరు సరళరేఖమ్మ ఉలి కిందికి రావలసిందే. పేర్ల పలకలు, షీల్డులు, సమాధి రాళ్లు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే. ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద దిట్టమైన పనిబల్ల, గోడకు వరుసగా ఉలులు. ఆవిడ గీత చెక్కుతుంటే గదిలో ఎవరూ కుర్చీ కూడా జరపకూడదు. ఒకసారి ఊరి పెద్ద ఎవరో వచ్చి తుమ్మబోతే, గీత పూర్తయ్యేదాకా చెయ్యెత్తి ఆపేసింది. ఆయన పాపం ఆపుకున్నాడు కూడా. గర్వమా అంటే గర్వమే. అంత తిన్నటి గీత గీసే చెయ్యి మీకుంటే మీకూ ఉండేది.

అలాంటి చెయ్యి కిందటేడు వణకడం మొదలుపెట్టింది.

మొదట్లో సూదిలో దారం ఎక్కించేటప్పుడే వణికేది. తర్వాత రవిక గుండీల దాకా వచ్చింది. ఆ తర్వాత, ఏ మాత్రం సిగ్గు లేకుండా, ఉలి దగ్గరికి వచ్చేసింది. చిన్న అక్షరాలకు ఫరవాలేదు. మణికట్టు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగించేసేది. పొడుగు గీత వచ్చేసరికి మాత్రం రెండంగుళాలు దాటగానే చెయ్యి తన దారి తను చూసుకునేది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దుమ్ము పడుతోందని వంక పెట్టి తలుపు మూసుకుని పని చేసేది. పైగా మహా గడుసుగా ఒక ఉపాయం పన్నింది. తిన్నటి అంచులు పాతబడిపోయాయనీ, ఇప్పుడంతా తీగ అంచుల కాలమనీ వచ్చినవాళ్లందరికీ నూరిపోసింది. గీత వణికిన చోటల్లా ఒక ఆకు పెట్టేది. మరీ వణికితే పువ్వు పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఊళ్లో సగం గుమ్మాల మీద తీగలు పాకాయి. పక్క వీధిలో పోటీగా పలకలు చేసేవాడు కూడా ఆవిడను చూసి తీగలు మొదలుపెట్టాడు.

ఇంతలో కొత్త ఆసుపత్రి వాళ్లు వచ్చారు. ఎనభై నాలుగు గదులు, ఎనభై నాలుగు పలకలు. "ఆకులూ పువ్వులూ వద్దమ్మా, ఆసుపత్రి కదా. మీ పాత పద్ధతిలో తిన్నగా నాలుగు గీతలు చాలు" అన్నాడు మేనేజరు. సరళరేఖమ్మ చిరునవ్వుతో సరేనంది. అతను గుమ్మం దిగగానే లోపలికి వెళ్లి కోడలితో, "కాలం మారుతోందమ్మాయ్. మనమూ పలకలు చెక్కే లేజర్ మిషను ఒకటి తెప్పించుకుందాం" అంది.

కోడలి చేతిలోని చీపురు కింద పడింది. మిషన్లు అమ్మేవాడు ఆర్నెల్ల కిందట వస్తే ఉలి పట్టుకుని గేటు దాకా తరిమిన మనిషి ఈవిడే. ఈ కోడలు పెళ్లికి ముందు బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసేది. ఆ పని తలుచుకుని, "తినేస్తే పోయే అక్షరాలు" అని అత్తగారు ఎన్నోసార్లు మూతి విరిచింది. దుకాణంలో ఆర్డర్లు రాసుకోవడం, కంప్యూటరు చూసుకోవడం వరకే కోడలి పని. ఉలి ముట్టుకోనిచ్చేది కాదు. కొడుకు దూరప్రయాణాల బస్సు నడుపుతాడు కాబట్టి ఇంటికి ఎప్పుడో గానీ రాడు. ఇక ఇంట్లో మిగిలింది మావయ్యగారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. సర్వీసంతా నిలబడే గడిపాడు గనక ఇంట్లో కూడా కూర్చోడు.

సముద్రాలు దాటి మిషను వచ్చింది. పెట్టె మీద ఒక గ్లాసు బొమ్మా, ఒక గొడుగు బొమ్మా ఉన్నాయి. "గ్లాసులూ గొడుగులూ ఎవరు తెప్పించారే?" అని మావయ్యగారు అడిగాడు. పెట్టె విప్పాక చూస్తే మిషను బాగానే ఉంది, తెల్లగా, బరువుగా, పెద్దమనిషి తరహాగా. లోపలి భాగాల మూత మీద నాలుగు స్క్రూలకూ నాలుగు ఎర్ర స్టిక్కర్లు. వచ్చిన రోజు నుంచి పదిహేను రోజుల్లోపు బాగాలేదంటే వెనక్కి తీసుకుంటారట. కానీ స్టిక్కరు చిరిగిందో, ఇక ఆ మిషను మీదే, మీ ఖర్మ మీదే అని కాగితంలో మర్యాదగా రాసుంది.

కోడలు పలక పెట్టి బొత్తాం నొక్కింది. అక్షరాలు చకచకా దిగాయి, ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. తర్వాత అంచుగీత మొదలైంది. రెండంగుళాలు తిన్నగా వెళ్లింది. అక్కడి నుంచి వణికింది.

సరళరేఖమ్మ భూతద్దం పెట్టి ఒకటికి నాలుగుసార్లు చూసింది. పరాయి దేశం నుంచి ఇంత దూరం వచ్చి తనను వెక్కిరించడానికి ఈ మిషనుకు ఏం అవసరమొచ్చిందో ఆవిడకు అర్థం కాలేదు. ఇంకో పలక పెట్టించింది. మళ్లీ అదే వణుకు, అదే చోట.

"లోపలేదో లోపముంది అత్తయ్యా. వెనక్కి పంపేద్దాం. ఇంకోటి పంపిస్తారు" అంది కోడలు.

"అదెప్పటికి వస్తుంది?"

"రెండు నెలలు పట్టొచ్చంట."

"ఈలోగా ఆసుపత్రి పలకలో?"

"మీరున్నారుగా. తలుపులు బిగించేకొద్దీ వారానికి కొన్ని ఇస్తే చాలన్నారు. మీ చేతికి అదెంత పని" అంది కోడలు, ఎంతో నమ్మకంగా.

సరళరేఖమ్మ మనసులో లెక్క వేసుకుంది. రెండు నెలలు తన చేత్తో తిన్నటి గీతలు చెక్కితే, ఆ పలకలు ఆసుపత్రి తలుపుల మీద నిలబడి తన వణుకును వచ్చిన ప్రతి రోగికీ చూపిస్తాయి. ముప్పై ఏళ్ల పేరు ఆ ఆసుపత్రి వరండాల్లోనే పోతుంది. అందుకని వెంటనే మాట మార్చింది. "వెనక్కి పంపడమేంటి, మర్యాద కాదు. మన మిషన్ల మేస్త్రికి చూపిద్దాం. విప్పి బాగుచేస్తాడు."

మిషన్ల మేస్త్రి గురించి ఒక్క మాట చెప్పాలి. కుట్టుమిషను నుంచి నీళ్ల మోటారు దాకా వీధిలో ఏది ఆగినా అతనే. చెయ్యి మంచిదే గానీ విప్పడం మీద ఉన్న ప్రేమ బిగించడం మీద లేదు. వీళ్లింట్లో మిక్సీ ఒకసారి బాగుచేశాడు. అప్పటి నుంచి అది ఎంత నొక్కినా ఆగదు, ప్లగ్గు లాగాల్సిందే. మిగిలిపోయిన రెండు స్క్రూలను, "ఇవి ఎక్స్‌ట్రా ఇచ్చారక్కా" అని చేతిలో పెట్టి వెళ్లాడు.

మేస్త్రి వచ్చి మిషను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చెవి ఆనించి విన్నాడు. "లోపల వెలుతురుని తిప్పే చిన్న అద్దాలుంటాయక్కా. అందులో ఒకటి వదులైంది. ఈ నాలుగు స్టిక్కర్లూ పీకితే గంటలో పని" అన్నాడు. కోడలు వెళ్లి మిషనుకు అడ్డంగా నిలబడింది. "స్టిక్కరు మీద చెయ్యి వేశారంటే ఊరుకోను బాబాయ్. మిక్సీ సంగతి నాకు గుర్తుంది" అంది. మిక్సీ మాట వచ్చాక మేస్త్రి నొచ్చుకున్నాడు.

అలా ఇల్లు రెండు పక్షాలైంది. బాగుచేయిద్దామని అత్తగారు, పంపించేద్దామని కోడలు. మావయ్యగారు ఇద్దరికీ టీ ఇస్తూ ఇద్దరికీ తలూపాడు. చేత్తో చేసే పనే గొప్పదని ఇన్నాళ్లూ చెప్పిన అత్తగారు మిషనును ఇంత గట్టిగా ఎందుకు వెనకేసుకొస్తున్నారో కోడలికి అంతు చిక్కలేదు. చివరికి తన పద్ధతిలో తాను కంపెనీకి ఉత్తరం కొట్టింది, వణికిన గీతల ఫోటోలు జతచేసి.

జవాబు మర్నాడే వచ్చింది. ఫోటోలు అందాయట. అయితే గీత వణకడానికి మిషనే కారణమని తేలాలి కదా, అందుకని అదే బల్ల మీద, అదే రకం పలక మీద, చేత్తో చెక్కిన గీత ఒకటి పక్కన పెట్టి వీడియో తీసి పంపమన్నారు. కోడలి మొహం వెలిగిపోయింది.

"ఎవర్ని అడుగుతున్నారో వాళ్లకి తెలీదు అత్తయ్యా. ఒక్క గీత గీసి చూపించండి, నోరు మూసుకుని వెనక్కి తీసుకుంటారు."

సరళరేఖమ్మకు మెడ పట్టేసింది. మర్నాడు కళ్లు మంటలన్నది. ఆ మర్నాడు ఉలికి పదును లేదంది. ఆ పై రోజు పదును మరీ ఎక్కువైందంది. గడువు కరిగిపోతోంది. చివరికి ఓ ఉదయం కోడలు పలక బల్ల మీద బిగించి, ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది. తప్పించుకునే దారి లేక ఆవిడ ఉలి తీసుకుంది. రాత్రంతా మనసులో గీసుకున్న గీతే. మణికట్టు ఆనించింది, ఊపిరి బిగబట్టింది. రెండంగుళాలు ఆవిడ పాత గీతే వచ్చింది, మెరుస్తూ. ఆ తర్వాత చెయ్యి తన దారి పట్టింది. ఆకు పెడదామా అన్న ఆలోచన కూడా వచ్చింది, నిజం చెప్పాలి. వీడియో తీస్తుంటే ఆకెలా పెడుతుంది. చివరిదాకా చెక్కేసి, వెంటనే గుడ్డతో తుడిచే వంకన కప్పేసి, "చాల్లే, ఫోనులో ఇంతకంటే ఏం కనిపిస్తుంది" అంది.

కోడలు ఫోను దించింది. వీడియో పంపించింది.

ఇంకా రెండు రోజులే గడువుందనగా జవాబు వచ్చింది. కోడలు గట్టిగా చదివింది. మిషను గీసిన గీతా, చేత్తో గీసిన గీతా ఒకే రకంగా వణికాయట. కాబట్టి లోపం మిషనులో లేదు, మీ బల్ల కదులుతోంది. బల్ల సరిచేసుకోండి, వాపసు కుదరదు.

ఇది విని మావయ్యగారికి కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం ఏడాదికొక్కసారి. బల్ల ఆయన దగ్గరుండి చేయించింది. "నా బల్ల కదులుతుందా?" అని చెప్పులు విప్పి దాని మీదికెక్కి నిలబడ్డాడు. మిషను సంగతి ఏమైందో కనుక్కుందామని వచ్చిన మేస్త్రి ఒక గిన్నెనిండా నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల పక్కన పెట్టాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. వీధిలో లారీ వెళ్లింది. గిన్నెలో నీళ్లు ఉలకలేదు, పలకలేదు. "చూశారా" అన్నాడు మావయ్యగారు పైనుంచే, అందరి టికెట్లూ సరిగ్గా ఉన్నంత తృప్తిగా.

"మరి తేడా ఎక్కడుంది?" అంది కోడలు. కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. "తెలిసింది అత్తయ్యా. తప్పు నాదే. వీడియో తీస్తూ బల్లకి ఆనుకున్నట్టున్నాను. అదే రాసేస్తాను. నా వల్ల మీ గీత పాడైందని ఒప్పుకుంటాను."

"రాసినా వాళ్లు నమ్మరమ్మా. రెండు రోజులే ఉంది" అన్నాడు మేస్త్రి. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మొదటి ఎర్ర స్టిక్కరు అంచున పెట్టాడు. "అక్కా, నువ్వు ఊఁ అను. విప్పేస్తాను."

ఊఁ అంటే అయిపోయేది. మిషను మేస్త్రి చేతిలో బాగుపడుతుందో పాడైపోతుందో తర్వాత సంగతి, సరళరేఖమ్మ చెయ్యి మాత్రం ఎవరికీ తెలియకుండా గట్టెక్కేది. పాడైతే మేస్త్రిని తిట్టుకుంటారు. ఆవిడ నోరు తెరిచింది కూడా. కానీ కంప్యూటరు ముందు ఆ పిల్ల 'నా తప్పు' అని ఒక్కొక్క అక్షరమే కొడుతోంది. చెయ్యని తప్పు, తన కోసం, ఎంత తేలిగ్గా. అది చూసి ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగు తమ్ముడూ" అంది. "నువ్వూ ఆపమ్మాయ్. నువ్వు ఆనుకోలేదు. బల్ల కదల్లేదు. నా చెయ్యి కదిలింది. ఏడాదిగా కదులుతోంది."

బల్ల మీదున్న మావయ్యగారు మెల్లగా దిగాడు. సరళరేఖమ్మే చెప్పుకుపోయింది, సూది సంగతి, గుండీల సంగతి, ఆకులూ పువ్వుల సంగతి. మధ్యలో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పింది. తీగ అంచుల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రికి నవ్వు ఆగలేదు. "మా గుమ్మానికి ఏడు పువ్వులున్నాయక్కా" అన్నాడు. ఆవిడ కూడా ఏడుపులోనే నవ్వేసి, "ఆ రోజు మరీ బాలేదురా" అంది.

"నీకు ఏడాది నుంచీ సగం గ్లాసే టీ పోస్తున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?" అన్నాడు భర్త.

సరళరేఖమ్మ ఆయన్ని నోరు తెరుచుకుని చూసింది. పాలు పొదుపు చేస్తున్నాడనుకుంది ఇన్నాళ్లూ. "తెలిసీ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా" అన్నాడు ఆయన.

కోడలు ముక్కు తుడుచుకుని, కొట్టిందంతా చెరిపేసింది. "చెప్పండి అత్తయ్యా, మీరు చెప్పినట్టే రాస్తాను." సరళరేఖమ్మ లేచి నిలబడి, సమాధి రాయి మీద చెక్కే మాటలంత గంభీరంగా చెప్పింది: "అయ్యా, మా బల్ల గట్టిది. దాని మీద మా ఆయన నిలబడిన ఫోటో, పక్కన నీళ్ల గిన్నె, జతచేశాం. చేత్తో గీసిన గీత వణికింది నా చెయ్యి వణకడం వల్ల. నా వయసు యాభై ఎనిమిది. మీ మిషను వయసు పదమూడు రోజులు. దానికి వణకాల్సిన అవసరం లేదు."

మావయ్యగారు ఫోటో కోసం మళ్లీ బల్లెక్కాడు. గడువు ముగిసే రోజు సాయంత్రం కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు. స్టిక్కర్లు చెక్కుచెదరకుండా మిషను వెళ్లిపోయింది. మేస్త్రి దాన్ని వీధి చివరిదాకా సాగనంపి, ఒక్క స్క్రూ అయినా విప్పనందుకు రెండు రోజులు బెంగపెట్టుకున్నాడు. సరళరేఖమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది. భయపడాల్సిన జబ్బు కాదనీ, మాత్రలతో కొంత తగ్గుతుందనీ, ఉలి సంగతి మాత్రం తాను చెప్పలేననీ అన్నాడాయన. ఆయన గుమ్మం మీద పలక ఆవిడదే. మూడు ఆకులున్నాయి. వచ్చేటప్పుడు ఆవిడ తల వంచుకుని దాని కింద నుంచి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే కోడల్ని బల్ల ముందు నిలబెట్టి, చేతికి ఉలి ఇచ్చింది. నేర్పడం అంటే ప్రేమగా నేర్పిందని ఎవరూ అనుకోకండి. "ఉలిని పీకుతావేం, అది పన్నా? నెట్టు", "భుజం దించు", "క్రీము కాదమ్మాయ్, ఇత్తడి, అడిగితే ఇవ్వదు, లాక్కోవాలి." కోడలికి వేళ్ల మీద బొబ్బలు వచ్చాయి. రోజుకు పది తుక్కు పలకలు పోయాయి. అయితే ఏళ్ల తరబడి కేకుల మీద ఊపిరి బిగబట్టి రాసిన చెయ్యి అది, నిలకడ దానికి పుట్టుకతో వచ్చినట్టే ఉంది. పదో రోజున ఒక గీత వచ్చింది. సరళరేఖమ్మ భూతద్దం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికింది. తప్పు దొరకలేదు. సంతోషించాలో కుళ్లుకోవాలో తెలియక, రెండూ చేసి, "ఇంకొకటి చెక్కు" అని మాత్రం అంది.

మూడు వారాలకు ఆసుపత్రి మేనేజరు మొదటి పలకలు చూసుకోవడానికి వచ్చాడు. ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. అంచు మీద వేలు నడిపించాడు.

"చూస్తేనే తెలుస్తోందమ్మా ఇది మీ పనని. ముందుకన్నా ఇంకా బావుంది" అన్నాడు.

టీ తెస్తున్న మావయ్యగారు గుమ్మంలో ఆగిపోయాడు. కోడలు మేనేజరు వెనక నుంచి అత్తగారి వైపు చూసి, ఊరుకోమన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊరుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఏడాదిపాటు తలుపులు మూసుకుని ఆవిడ కాపాడుకున్నది ఆ ఒక్క మాటనే. అది వినగానే లోపల ఎక్కడో తియ్యగా కూడా అనిపించింది.

"నాది కాదు బాబూ, మా కోడలిది" అంది. "నా చెయ్యి వణుకుతోంది, ఇప్పుడు గీత పట్టదు. దాని చెయ్యి పడుతుంది."

మేనేజరు తడబడి, పలకను మరోసారి చూసి, కోడలి వైపు తిరిగాడు. ఆర్డరిచ్చిన రోజు అత్తగారితోనే మాట్లాడిన అతను ఆమెతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. "అయితే మిగతావి ఎప్పటికిస్తారమ్మా?" అన్నాడు.

కోడలు అలవాటు కొద్దీ అత్తగారి మొహంలోకి చూసింది.

"నన్ను చూస్తావేం? చెక్కేది నువ్వు. నువ్వే చెప్పు" అంది సరళరేఖమ్మ. లేచి, బల్ల ముందున్న తన కుర్చీని కోడలి వైపు జరిపింది.

కోడలు కూర్చుని, వేళ్ల మీద లెక్క చూసుకుని, గడువు చెప్పింది.